తిథి లేని యాత్ర

సంస్కృతం నుంచి వచ్చి తెలుగువారి ఇంటి గడపలో స్థిరపడిన పదాలలో 'అతిథి' ఒకటి. ఈ పదానికి పండితులు రెండు విధాలుగా వ్యుత్పత్తి చెబుతారు. సంచరించడం అనే అర్థం గల ధాతువు నుంచి పుట్టింది కనుక అతిథి అంటే 'తిరిగేవాడు' అని ఒక వివరణ. తిథి లేనివాడు, అనగా ఫలానా నాడు వస్తానని ముందుగా తెలుపకుండా వచ్చేవాడు అని మరొక వివరణ. శబ్దశాస్త్రం మొదటిదానిని సమర్థించినా, లోకవ్యవహారం మాత్రం రెండవదానినే ఎక్కువగా ఆదరించింది. చెప్పి వచ్చినవాడు చుట్టం, చెప్పకుండా వచ్చినవాడు అతిథి. చెప్పకుండా రావడం తప్పు కాదు సరికదా, అలా వచ్చినవానిని ఆదరించడం గృహస్థధర్మంగా భావించిన కాలం ఒకటి ఉండేది.

నేటి పరిస్థితి దానికి భిన్నమైనది. రైలెక్కాలన్నా, కొండెక్కాలన్నా, వినోద ఉద్యానంలో ఒక పూట గడపాలన్నా ముందుగా తిథి నిర్ణయం కావాలి. ఆ తిథికి స్థానం ఉన్నదో లేదో చూడాలి. రుసుము చెల్లించి పేరు నమోదు చేసుకోవాలి. ఆ తరువాతనే ప్రయాణం. ఈ పద్ధతినే ముందస్తు నమోదు అనీ, వాడుకలో రిజర్వేషన్ అనీ అంటున్నాము. ఇది సర్వసామాన్యమైన ఈ కాలంలో, ఉన్నట్టుండి బయలుదేరే కుటుంబానికి దారి ఎక్కడ ఉన్నది? ముందస్తు నమోదు ఎందుకు పుట్టింది? అది ఎవరికి మేలు చేస్తుంది, ఎవరిని ద్వారం బయట నిలబెడుతుంది? కర్నూలు, కడప ప్రాంతాలను ఆధారంగా చేసుకొని ఈ విషయాలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

వాన చేతిలోని పంచాంగం

అందరి జీవితాలలోనూ సెలవు ఒకే విధంగా రాదు. ప్రభుత్వోద్యోగికి ఏడాది సెలవుల పట్టిక జనవరిలోనే చేతికి అందుతుంది. రెండు నెలల తరువాత రాబోయే ప్రయాణాన్ని ఈనాడే నిశ్చయించుకోవడం అతనికి కష్టం కాదు. రాయలసీమ మెట్ట రైతు సంగతి వేరు. కర్నూలు, కడప ప్రాంతాలలో సంవత్సర వర్షపాతం సగటున 600 నుంచి 700 మిల్లీమీటర్ల వరకు మాత్రమే ఉంటుంది. అదైనా సకాలంలో కురుస్తుందన్న నమ్మకం లేదు. పత్తికొండ వైపు ఎర్రనేలల్లో వేరుశనగ విత్తడానికి తొలకరి కోసం ఎదురుచూడాలి. కోయిలకుంట్ల, జమ్మలమడుగు వైపు నల్లరేగడి భూములలో శనగ వేయడానికి ఈశాన్య ఋతుపవనాల ముందటి పదును కావాలి. వాన పడితే ఆ రోజే గొర్రు కట్టాలి. పడకపోతే చేతిలో పని లేని దినాలు వరుసగా వస్తాయి. అటువంటి ఇంట్లో అరవై రోజుల తరువాతి ఖాళీ దినాన్ని ఈనాడు చెప్పగలిగేవారు ఎవరు?

వ్యవసాయ కూలీలది ఇంకా క్లిష్టమైన స్థితి. రేపు పని ఉన్నదో లేదో వారికి ఈ సాయంత్రం తెలుస్తుంది. ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల నుంచి మిరప కోతలకు గుంటూరు వైపు వలస పోయే కుటుంబాలు తిరిగి వచ్చే తేదీని పంటే నిర్ణయిస్తుంది. వీరికి విహారం అంటే, పని ముగిసిన మరునాడు పిల్లలను వెంటబెట్టుకొని బయలుదేరడమే. అది వారి చపలత్వం కాదు, వారి జీవనవిధానం.

వాన తిథిని నిర్ణయించే ప్రయాణం ఒకటి కర్నూలు ప్రాంతానికే ప్రత్యేకం. తొలకరి జల్లులు పడగానే జొన్నగిరి, తుగ్గలి, మద్దికెర పరిసరాల పొలాలకు చుట్టుపక్కల జిల్లాల నుంచే గాక పొరుగు రాష్ట్రం నుంచి కూడా జనం తరలివస్తారు. వాన నీటికి పైమట్టి కొట్టుకుపోయి వజ్రాలు బయటపడతాయన్న నమ్మకం వారిని నడిపిస్తుంది. సద్దిమూట కట్టుకొని, చెట్ల కింద విడిది చేసి, నేలను కళ్ళతో జల్లెడ పడతారు. ఈ యాత్రకు నమోదు లేదు, ఉండజాలదు కూడా. మేఘం ఎప్పుడు కరుణిస్తుందో ముందుగా తెలిసినవారు లేరు కదా!

పూర్వుల ప్రయాణాలు

తిథి లేని యాత్రలకు తెలుగు సాహిత్యంలో ప్రసిద్ధమైన ఉదాహరణలు ఉన్నాయి. రెండింటికి కడప సీమతో సంబంధం ఉండడం విశేషం.

మొదటిది అల్లసాని పెద్దన మనుచరిత్రలోని ప్రవరుని ప్రయాణం. పెద్దన పేరు కడప జిల్లా కమలాపురం ప్రాంతంలోని కోకటం గ్రామంతో ముడిపడి ఉన్నది. అరుణాస్పదపురవాసి అయిన ప్రవరుడు అతిథులను ఆదరించి, వారు తిరిగి వచ్చిన దేశాల విశేషాలను ఆసక్తితో వినేవాడు. ఒకనాడు వచ్చిన సిద్ధుడు ఇచ్చిన పాదలేపనం మహిమతో అతడు క్షణాలలో హిమాలయం చేరుకున్నాడు. ముందస్తు ఏర్పాట్లు ఏవీ లేని ప్రయాణం అది. ఎండవేళకు కరిగిన మంచునీటిలో లేపనం కరిగిపోయింది. తిరిగి వచ్చే ఉపాయం పోయింది. దారి అడగబోయినచోట వరూధిని ఎదురైంది. కథ ఎటు పోయినా, యాత్రికుడు గ్రహించవలసిన నీతి ఒకటి ఇందులో ఉన్నది. ప్రవరుని పొరపాటు ఉన్నట్టుండి బయలుదేరడం కాదు, తిరిగి వచ్చే దారిని గురించి ఆలోచించకపోవడం.

రెండవది తాళ్ళపాక అన్నమాచార్యుని బాల్యయాత్ర. రాజంపేట సమీపంలోని తాళ్ళపాకలో జన్మించిన అన్నమయ్య జీవితాన్ని ఆయన మనుమడు చిన్నన్న ద్విపద కావ్యంగా రచించాడు. ఆ కావ్యం ప్రకారం అన్నమయ్య పసితనంలో ఇంటి పనిమీద గడ్డి కోయబోయి, వేలు తెగి, సంసార బంధాల మీద విరక్తి కలిగి, దారిన పోయే తిరుమల యాత్రికుల గుంపులో కలిసిపోయాడు. ఇంట చెప్పలేదు, దారిబత్తెం కట్టుకోలేదు. కొండ ఎక్కుతూ ఆకలితో సోలిపోయిన ఆ బాలుని అలమేలుమంగమ్మ ఆదుకున్నదని ఆ చరిత్ర చెబుతుంది. భక్తుల దృష్టిలో ఇది దైవానుగ్రహం. సామాజిక దృష్టితో చూస్తే, సన్నాహం లేకుండా వచ్చినవానికి కూడా దారిలో అన్నం దొరకాలన్న ఒక సంస్కృతి ఆకాంక్ష ఇందులో కనిపిస్తుంది.

చారిత్రకమైన ఉదాహరణ ఏనుగుల వీరాస్వామయ్యది. చెన్నపట్నం సుప్రీం కోర్టులో దుబాసీగా పనిచేసిన ఆయన 1830 మే 18న కాశీయాత్రకు బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి వచ్చాడు. ఆయన వ్రాసిన 'కాశీయాత్ర చరిత్ర' 1838లో అచ్చయింది. తిరుపతి మీదుగా కడప, అహోబిలం, శ్రీశైలం దారుల వెంట సాగిన ఆ ప్రయాణంలో ఏ మజిలీలోనూ ఆయనకు ముందస్తు నమోదు లేదు. కానీ సన్నాహం లేదని చెప్పలేము. గుడారాలు, పల్లకీ బోయీలు, వంటవారు, పెద్ద పరివారం వెంట ఉన్నారు. ఏ ఊరిలో మంచినీళ్ళు దొరుకుతాయి, ఎక్కడ సరుకులు అమ్మే అంగళ్ళున్నాయి, ఎక్కడ దిగడానికి సత్రం ఉన్నది, బాట ఇసుకదా రాతిదా అన్న వివరాలు మజిలీ మజిలీకి ఆయన వ్రాస్తూ పోయాడు. తన తరువాత వచ్చేవారికి ఉపయోగపడాలన్న దృష్టి ఆ రచనలో స్పష్టంగా కనిపిస్తుంది.

ఈ మూడు ఉదాహరణల వలన ఒక ముఖ్యమైన భేదం తెలుస్తున్నది. నమోదు వేరు, సన్నాహం వేరు. నమోదు అంటే మరొకరి పట్టికలో మన పేరు ఎక్కించుకోవడం. సన్నాహం అంటే దారి తెలుసుకొని, అవసరమైనవి సమకూర్చుకొని, మనసును సిద్ధం చేసుకోవడం. మొదటిది లేకుండా యాత్ర చేయవచ్చు. రెండవది లేకుండా చేయడం ప్రమాదకరం.

నమోదు ఎందుకు పుట్టింది?

ముందస్తు నమోదును కేవలం వ్యాపార తంత్రంగా భావించడం సరికాదు. దాని వెనుక గణితశాస్త్ర సంబంధమైన ఒక సత్యం ఉన్నది. డెన్మార్కుకు చెందిన ఎర్లాంగ్ అనే శాస్త్రజ్ఞుడు టెలిఫోన్ పిలుపుల రద్దీని పరిశీలించి 1909లో ఒక సిద్ధాంతాన్ని ప్రకటించాడు. వరుసలను గురించిన శాస్త్రానికి అదే పునాది.

ఒక టిక్కెట్టు కిటికీ దగ్గర గంటకు సగటున అరవైమందికి టిక్కెట్లు ఇవ్వగలరని అనుకుందాము. జనం ఎవరి ఇష్టం వచ్చిన వేళకు వారు వస్తూ ఉంటారు. గంటకు 30 మంది వస్తే, ఒక్కొక్కరు వరుసలో చేరినప్పటి నుంచి టిక్కెట్టు అందుకొనేవరకు సగటున 2 నిమిషాలు పడుతుంది. గంటకు 50 మంది వస్తే అది 6 నిమిషాలు అవుతుంది. 57 మంది వస్తే 20 నిమిషాలు. 59 మంది వస్తే పూర్తిగా ఒక గంట! వచ్చేవారి సంఖ్య 57 నుంచి 59కి పెరగడం స్వల్పమే. నిరీక్షణ మాత్రం మూడు రెట్లయింది. సామర్థ్యపు అంచుకు చేరిన కొద్దీ వరుస అమాంతం పెరుగుతుందన్నది దీని సారాంశం. పండుగ రోజున గుడి దగ్గర, సంక్రాంతి ముందు బస్టాండులో మనకు కనిపించే దృశ్యానికి కారణం ఇదే. వచ్చేవారిని వేర్వేరు వేళలకు సర్దగలిగితే, అదే కిటికీ అంతమందికీ సుఖంగా సేవ చేయగలదు. నమోదు చేసే మేలు ఈ సర్దుబాటే.

వినోద ఉద్యానాల చరిత్రలోనూ ఈ పాఠం కనిపిస్తుంది. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో డిస్నీలాండ్ 1955 జూలై 17న ప్రారంభమైంది. ఆనాటి ప్రవేశం ఆహ్వానితులకు మాత్రమే. అయినా నకిలీ టిక్కెట్లతో వేలమంది లోపలికి చొరబడడంతో ఏర్పాట్లన్నీ అస్తవ్యస్తమయ్యాయి. తరువాతి కాలంలో, 1999లో, ఒక్కొక్క ఆకర్షణ దగ్గరకు ఏ వేళకు రావాలో ముందే చీటీ ఇచ్చే ఫాస్ట్‌పాస్ విధానాన్ని ఆ సంస్థ ప్రవేశపెట్టింది. 2020లో కోవిడ్ వ్యాధి ప్రబలిన తరువాత తిరిగి తెరచినప్పుడు, టిక్కెట్టుతోపాటు ఏ రోజు వస్తారో నమోదు చేయించుకోవడం తప్పనిసరి చేసింది. అనంతరం ఆ నిర్బంధం చాలావరకు సడలింది. తిథి లేకుండా వచ్చేవారిని పూర్తిగా కాదనడం ఏ వినోద సంస్థకూ దీర్ఘకాలం సాధ్యం కాదని దీనివలన తెలుస్తుంది.

భారతీయ రైల్వే వ్యవస్థలో మరింత సమతౌల్యం కనిపిస్తుంది. 120 రోజుల ముందుగా చేయించుకోగలిగిన రిజర్వేషన్ గడువును 2024 నవంబరు 1 నుంచి 60 రోజులకు తగ్గించారు. మరీ ముందుగా చేయించుకొన్న టిక్కెట్లలో రద్దయ్యేవి ఎక్కువగా ఉండడం ఇందుకు ఒక కారణం. చివరి క్షణంలో బయలుదేరేవారి కోసం 1997లో తత్కాల్ పద్ధతి వచ్చింది. తుది జాబితా తయారైన తరువాత మిగిలిన స్థానాలను అప్పటికప్పుడు ఇచ్చే ఏర్పాటు కూడా ఉన్నది. వీటన్నిటికీ మించి, నమోదు అవసరం లేని జనరల్ పెట్టెలు ఉన్నాయి. సుఖం తక్కువైనా, తిథి లేనివానికి రైలు తలుపు పూర్తిగా మూసుకోలేదు.

వినోద నగరాల వాకిట

కర్నూలు, కడప జిల్లాలలో భారీ వినోద ఉద్యానాలు లేవు. ఇక్కడి పిల్లలకు ఆ ముచ్చట తీరాలంటే హైదరాబాదుకో బెంగుళూరుకో పోవాలి. కర్నూలు నుంచి హైదరాబాదు సుమారు 215 కిలోమీటర్ల దూరంలో ఉన్నది. అక్కడ రామోజీ ఫిల్మ్ సిటీ 1996 నుంచి ఉన్నది. బాహ్య వలయ రహదారి ప్రక్కన రావిర్యాల వద్ద వండర్‌లా 2016లో ప్రారంభమైంది. బెంగుళూరు సమీపంలోని బిడదిలో అదే సంస్థకు చెందిన ఉద్యానం 2005 నుంచి నడుస్తున్నది.

ఇటువంటి చోట్లకు తెల్లవారుజామున బస్సెక్కి చేరుకొనే కుటుంబాలు గమనించవలసిన విషయాలు కొన్ని ఉన్నాయి. అంతర్జాలం ద్వారా ముందుగా టిక్కెట్టు తీసుకొన్నవారికి తరచుగా ధరలో రాయితీ లభిస్తుంది. పనిదినాలలో కంటే శని, ఆదివారాలలోనూ పండుగ సెలవులలోనూ ధర, రద్దీ రెండూ ఎక్కువ. ఉన్నట్టుండి బయలుదేరేవారు పనిదినాన్ని ఎన్నుకొంటే సగం చిక్కులు తొలగినట్లే. పొలం పని ముగిసిన మంగళవారమో బుధవారమో ఖాళీ దొరికే రైతు కుటుంబానికి ఈ విషయంలో ఉద్యోగుల కంటే అనుకూలతే ఎక్కువ! కొన్ని సవారీలకు కనీస ఎత్తు నియమం ఉంటుంది. నీటి క్రీడలకు నూలు బట్టలు పనికిరావు, నైలాను వంటి దుస్తులే ధరించాలి. ఈ నియమాలు తెలియక ఎంతో ఆశతో వచ్చిన పిల్లలు గట్టుమీద కూర్చొని చూడవలసి వస్తుంది. నమోదు లేకపోయినా ఒక పూట ముందు విచారించి తెలుసుకోవడం సన్నాహంలో భాగం.

దగ్గరి దారులు

వినోదం దూరంలోనే ఉంటుందని భావించడం పొరపాటు. నమోదు లేకుండా, ఉదయం అనుకొని మధ్యాహ్నానికి చేరగల చోట్లు ఈ సీమలో అనేకం ఉన్నాయి. కర్నూలు నుంచి నంద్యాల పోయే రహదారి మీద ఓర్వకల్లు శిలావనం ఉన్నది. వింత ఆకారాలు గల రాళ్ళ నడుమ నీటిగుంటలతో అది కనువిందు చేస్తుంది. నంద్యాల దగ్గర మహానందిలో నిత్యం ఊరే స్వచ్ఛమైన నీటి కోనేరు ఉన్నది. బనగానపల్లె సమీపంలో యాగంటి క్షేత్రం ఉన్నది.

అక్కడి నుంచి ముందుకు పోతే కొలిమిగుండ్ల మండలంలో బెలుం గుహలు కనిపిస్తాయి. ఈ ప్రాంతం 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన నంద్యాల జిల్లాలో ఉన్నది, అంతకు ముందు కర్నూలు జిల్లాలో ఉండేది. 'బిలం' అనే సంస్కృత పదమే బెలుంగా మారిందని అంటారు. సున్నపురాయి పొరలను భూగర్భజలం యుగాల తరబడి కరిగించడం వలన ఈ గుహలు ఏర్పడ్డాయి. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భశాస్త్రవేత్త వీటిని గురించి ప్రస్తావించాడు. 1982, 1983 సంవత్సరాలలో జర్మనీకి చెందిన గుహాపరిశోధకులు వీటిని సవివరంగా కొలిచారు. మొత్తం పొడవు 3,229 మీటర్లు. అందులో సుమారు ఒకటిన్నర కిలోమీటర్ల మేరకు సందర్శకులు తిరగవచ్చు. రాష్ట్ర పర్యాటకాభివృద్ధి సంస్థ బాటలు, దీపాలు, గాలి గొట్టాలు ఏర్పాటు చేసి 2002లో ప్రజలకు తెరచింది. వాకిట టిక్కెట్టు కొని లోపలికి దిగవచ్చు. సప్తస్వరాల గుహలో రాతిస్తంభాలను తడితే స్వరాలు పలుకుతాయి. అన్నిటికంటే లోతున పాతాళగంగ ప్రవహిస్తుంది. లోపల ఉక్కపోత అధికం కనుక వృద్ధులు, ఉబ్బసం ఉన్నవారు ఆలోచించి దిగడం మంచిది.

బెలుం చూసినవారు అదే ఊపులో కడప జిల్లా జమ్మలమడుగు సమీపంలోని గండికోటకు పోవచ్చు. ఎర్రమల కొండలను చీల్చుకొని పెన్నానది చేసిన గండి వలన ఆ కోటకు ఆ పేరు వచ్చింది. పెమ్మసాని నాయకులు ఏలిన ఆ దుర్గంలో మాధవరాయాలయం, రంగనాథాలయం, జామియా మసీదు, ధాన్యాగారం నేటికీ నిలిచి ఉన్నాయి. తావెర్నియే అనే ఫ్రెంచి రత్నాల వర్తకుడు 1652లో ఇక్కడికి వచ్చి మీర్ జుమ్లాను కలిశాడు. లోయ అంచున నిలబడి సూర్యోదయాన్ని చూడడానికి ఇప్పుడు దూరప్రాంతాల నుంచి యువకులు వస్తున్నారు. కోటను చూడడానికి నమోదు అవసరం లేదు. కానీ రాత్రి బసకు గదులు పరిమితం. వారాంతంలో అవి ముందే నిండిపోతాయి. అప్పుడు జమ్మలమడుగులోనో ప్రొద్దుటూరులోనో బస చేసి వేకువనే బయలుదేరడం ఉత్తమం. లోయ అంచున కంచె లేనిచోట్ల పిల్లలను చేయి విడువరాదు.

శ్రీశైలయాత్రకు మరొక జాగ్రత్త అవసరం. నల్లమల అడవిలో పులుల అభయారణ్యం గుండా పోయే దారిని రాత్రివేళ వాహనాలకు మూసివేస్తారు. ఈ సంగతి తెలియక సాయంత్రం పొద్దుపోయిన తరువాత బయలుదేరిన కుటుంబం తనిఖీ కేంద్రం దగ్గర తెల్లవారేదాకా పడిగాపులు కాయవలసి వస్తుంది.

ఈ దారుల మీద పల్లెవెలుగు బస్సులే సామాన్యులకు ఆధారం. వాటికి ముందస్తు నమోదు లేదు, చేయి ఎత్తితే ఆగుతాయి. 2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో ప్రారంభమైన 'స్త్రీశక్తి' పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి బస్సులలో మహిళలు గుర్తింపు పత్రం చూపి ఉచితంగా ప్రయాణించే అవకాశం కలిగింది. ఛార్జీలకు వెనుకాడి ఇల్లు కదలని తల్లులకు, 'పోదాం పద' అనగానే బయలుదేరే స్వేచ్ఛ దీనివలన కొంత లభించింది.

తిరుమల చెప్పే పాఠం

తిథి గలవారికీ తిథి లేనివారికీ నడుమ సమతౌల్యం ఎంత సున్నితమైనదో తిరుమల క్షేత్రాన్ని పరిశీలిస్తే తెలుస్తుంది. మూడు వందల రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టిక్కెట్లను దేవస్థానం వారు సుమారు మూడు నెలల ముందుగా అంతర్జాలంలో విడుదల చేస్తున్నారు. అవి త్వరత్వరగా అయిపోతాయి. చేతిలో మంచి ఫోను, ఇంట్లో చదువుకున్న పిల్లలు ఉన్నవారికి అవి దక్కే అవకాశం ఎక్కువ. లేనివారికి సర్వదర్శనం ఉన్నది. రుసుము లేదు, ముందస్తు నమోదు లేదు. తిరుపతిలో ఇచ్చే టోకెను తీసుకొని చెప్పిన వేళకు పోవచ్చు, లేదా నేరుగా వైకుంఠం వరుసలలో చేరి వేచి ఉండవచ్చు. ఆలస్యమైనా దర్శనం దొరకకపోవడం ఉండదు. 1985లో ప్రారంభమైన నిత్యాన్నదానం పథకం వలన ఆకలికి కూడా చింత లేదు. బాల అన్నమయ్యకు దొరికిన అన్నం నేటి యాత్రికులందరికీ దొరుకుతున్నదని చెప్పవచ్చు.

అయితే ఈ వ్యవస్థ అన్నివేళలా నిలువలేదు. 2025 జనవరి 8 రాత్రి తిరుపతిలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం ముందుగానే చేరిన జనసందోహంలో తొక్కిసలాట జరిగి ఆరుగురు భక్తులు మరణించారు. వారు నియమం తప్పినవారు కారు. ముందస్తు టిక్కెట్టు లేనివారికి మిగిలిన ఒకే ద్వారం దగ్గర నిలబడినవారు. అందరికీ ఒకే చోట, ఒకే వేళ, పరిమిత సంఖ్యలో ఇస్తామన్నప్పుడు వరుస గుంపుగా మారుతుంది. ఎర్లాంగ్ లెక్క అక్కడ నిమిషాలతో ఆగక ప్రాణాల దాకా పోయింది. తిథి లేనివారికి ద్వారం తెరిచి ఉంచితే చాలదు. ఆ ద్వారం వెడల్పుగానూ సురక్షితంగానూ ఉండాలి.

ఇందుకు మన నేలలోనే మరొక ఆదర్శం ఉన్నది. ఏటా ఉగాదికి కన్నడ భక్తులు వందల కిలోమీటర్లు నడిచి శ్రీశైలానికి వస్తారు. కర్నూలు, ఆత్మకూరు మీదుగా నల్లమల ప్రవేశించే ఆ దారి వెంట పల్లెప్రజలు చలువపందిళ్ళు వేసి, మజ్జిగ, అన్నం పెట్టి, కాళ్ళనొప్పులకు మందులిచ్చి పంపుతారు. వచ్చేవారి పేర్లు వారికి తెలియవు. ఎందరు వస్తారో తెలియదు. అయినా ఉగాది ముందు దినాలలో యాత్రికులు వస్తారన్నది మాత్రం తెలుసు. ఆ ఒక్క ఎరుకతోనే సిద్ధంగా ఉంటారు. ప్రతి ఒక్కరి పేరు వ్రాసుకోకుండానే అందరి కోసం సిద్ధపడడం ఇక్కడి విశేషం.

ముగింపు

ముందస్తు నమోదు ఆధునిక జీవితానికి అవసరం. అది లేకపోతే పరిమితమైన స్థలం బలవంతుల పాలవుతుంది. అయితే అది ఒక్కటే మార్గమైతే, ముందుగా తేదీ చెప్పగలవారికే లోకం తెరచుకుంటుంది. వానను నమ్ముకొన్న రైతు, పిలుపును నమ్ముకొన్న కూలి, వ్యాధిగ్రస్తులకు సేవ చేసే గృహిణి తమ ఖాళీ దినాన్ని ముందుగా చెప్పలేరు. వారు కోరేది ఇతరులను తోసి ముందుకు పోవడం కాదు, తమకూ ఒక వరుస ఉండడం. రైలులో జనరల్ పెట్టె, కొండమీద సర్వదర్శనం, గుహ వాకిట టిక్కెట్టు కిటికీ ఆ హక్కుకు గుర్తులు. ఏర్పాట్లు చేసే సంస్థలు ఇటువంటి భాగాన్ని విడిగా ఉంచడం దయాగుణం మాత్రమే కాదు, న్యాయం కూడా.

యాత్రికుని వైపు నుంచి చేయవలసినది సన్నాహం. తిరిగి వచ్చే బస్సు ఏ వేళకు ఉన్నది? ఇష్టమైన చోట బస దొరకకపోతే ప్రక్క ఊరిలో ఎక్కడ తల దాచుకోవాలి? వెంట నీళ్ళు, మందులు, గుర్తింపు పత్రం ఉన్నాయా? ఎటు పోతున్నదీ ఇంట ఒకరికైనా చెప్పామా? ఈ నాలుగు ప్రశ్నలకు సమాధానం ఉన్నవాడు ఏ క్షణాన బయలుదేరినా ఫరవాలేదు. ఆ నాలుగింటిలో మొదటిదానిని మరచిన ప్రవరుడు హిమగిరి మీద ఒంటరిగా నిలబడవలసి వచ్చింది.

అతిథి అనే పదంలో రెండు అర్థాలూ ఒకేచోట ఒదిగి ఉన్నాయి. తిరిగేవాడు, తిథి లేనివాడు. తిథి లేనివాడు తిరగరాదని ఆ పదాన్ని వాడిన పెద్దలు ఎన్నడూ అనుకోలేదు. పట్టికలూ గడువులూ పెరిగిన ఈ కాలంలో ఆ భావాన్ని కాపాడుకోవడం ఇటు గృహస్థులకూ అటు సంస్థలకూ సమానమైన బాధ్యత.